నొప్పులు రప్పించి కానుపు చేయించుట: నిర్ణయము, జరుగు విధము

గర్భిణికి నొప్పులు వాటంతట అవి ఆరంభము కాకపూర్వమే, వైద్యులు మందుచేత గాని మరియొక సాధనముచేత గాని వానిని రప్పించి కానుపు చేయించు పద్ధతి ఒకటి కలదు. సామాన్యముగా జనులు దీనిని ‘నొప్పులకు సూది వేయుట’ అందురు. ఈ పేరు కొంత పొరపాటునకు దారితీయుచున్నది. ఆసుపత్రిలో జరుగు ఈ పద్ధతిలో సూది ఒక భాగము మాత్రమే. ఇంటివద్ద తెలిసీ తెలియనివారు వేయు సూది అసలు ఈ పద్ధతియే కాదు. ఈ రెండింటికి గల భేదమును గ్రహించుట గర్భిణికిని, ఆమె ఇంటివారికిని మిక్కిలి అవసరము.

భిలాయిలోని క్యాంప్ 1 ఉక్కు కర్మాగారము కట్టుచున్న కాలమున పనివారి కొరకు వెలసిన పేట. 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నిర్మాణపు పనులకును, అటుపిమ్మట కర్మాగారపు పనులకును శ్రీకాకుళము, విజయనగరము వైపు పల్లెలనుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఎన్నియో ఈ ఊరిలో నిలిచిపోయినవి. పురుడు విషయమున ఇట్టి కుటుంబములకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. తొలికానుపు పుట్టింట జరుగవలెనను ఆచారము చొప్పున గర్భిణి ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో రాయపూరు మీదుగా విజయనగరము పోవు రైలెక్కును. లేదా పల్లెనుండి కొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల ఇచ్చటనే కానుపునకు నిలిచిపోవును. రెండు విధములను మొదటి నెలల పరీక్షలు ఒక ఊరిలో, కానుపు మరియొక ఊరిలో జరుగును. నడుమ కాగితములు ఎచ్చటనో ఉండిపోవును. నొప్పులు రప్పింపవలెనా, వలదా అను ప్రశ్న వచ్చునప్పటికి, దానికి జవాబు చెప్పుటకు వలసిన మొట్టమొదటి సంగతి, అనగా రోజుల లెక్క, చేతిలో ఉండదు.

రోజుల లెక్క

చివరిసారి బహిష్టు అయిన మొదటి దినమునుండి 280 దినములు, అనగా 40 వారములు, నిండిన దినమును కానుపు తేదీగా ఎంచుదురు. ఆ తేదీకి తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపిన ఇంచుమించు ఇదే వచ్చును. జనవరి 10న బహిష్టు అయిన స్త్రీకి అక్టోబరు 17 కానుపు తేదీ. అక్టోబరు 24తో 41 వారములు, అక్టోబరు 31తో 42 వారములు నిండును. తేదీనాడే ప్రసవించువారు కొలదిమంది మాత్రమే. 37 వారములు నిండిన పిమ్మట 42 వారములలోపుగా ఎప్పుడు ప్రసవించినను అది నెలలు నిండిన కానుపే.

ఈ లెక్క పలు విధముల తప్పును. కొందరు నెల తప్పిన దినమునుండి లెక్కింతురు. వారికి నాలుగు వారములు తక్కువగా తేలును. పాలిచ్చుచు, బహిష్టు తిరిగి ఆరంభము కాకమునుపే గర్భము ధరించిన తల్లికి లెక్కింప మొదలే ఉండదు. పెద్దలు కొందరు చైత్రము, వైశాఖము అని తెలుగు నెలల పేర్లతో లెక్కింతురు. అధిక మాసము వచ్చిన యేడు, 2023లో అధిక శ్రావణము వచ్చినట్లు, ఆ లెక్కలో ఒక నెల జారిపోవచ్చును. అందుచేత మొదటి మూడు నెలలలో ఒక స్కాను చేయించి, దానినిబట్టి తేదీని స్థిరపరచుకొనుట మేలు. తొలి నెలలలో శిశువులందరు ఇంచుమించు ఒకే కొలతన పెరుగుదురు గనుక ఆ స్కాను చెప్పు తేదీ నమ్మదగినది. తొమ్మిదవ నెలలో తీసిన స్కానులోని తేదీని పట్టుకొని మొదటి తేదీని మార్చివేయరాదు. ఆ సమయమున సన్నని బిడ్డకును, చిన్న వయస్సు బిడ్డకును భేదము తెలియుట కష్టము.

కనుక భిలాయినుండి పుట్టింటికి పోవు గర్భిణి చీరలతోబాటు మొదట సర్దుకొనవలసినది తల్లీబిడ్డల రక్షణ కార్డు, తొలి స్కాను కాగితము. పల్లెనుండి భిలాయికి వచ్చు గర్భిణికిని ఇదియే మాట. ఈ రెండు కాగితముల ఫోటోలు భర్త ఫోనులోను, తల్లి ఫోనులోను కూడ ఉంచుకొనినచో నష్టము లేదు.

ఎప్పుడు రప్పింతురు?

సాధారణముగా ఎదురగు కారణము తేదీ దాటుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 41 వారములు నిండినట్లు నిశ్చయముగా తెలిసిన గర్భిణికి నొప్పులు రప్పింపవలెనని సలహా ఇచ్చుచున్నది. ఏ చిక్కును లేని గర్భిణికి అంతకు ముందు రప్పించుటను సిఫారసు చేయుటలేదు. పెద్దలకు ఈ సలహా రుచింపకపోవుట సహజము. క్యాంపులోని ఇండ్లలో ఇట్టి మాటలు అరుదు కావు:

“నా నలుగురు పిల్లలూ ఆళ్లంతట ఆళ్లే పుట్టినారు. ఈ పిల్లకు మందెందుకమ్మా? రోజులు నిండితే నొప్పులు రావేటి?” అని అత్తగారు అడుగును.

“రావచ్చునమ్మా, చాలమందికి వస్తాయి. కాని ఏ బిడ్డకు ఈ నాలుగు రోజుల్లో లోపల ఇబ్బంది కలుగుతుందో ముందుగా చెప్పగల పరికరం మా దగ్గర లేదు” అని తెలుగు తెలిసిన నర్సు బదులు చెప్పును.

నర్సు మాట నిజము. మాయ అనునది బిడ్డకు ఆహారమును, ప్రాణవాయువును అందించు అవయవము. 41 వారములు దాటిన పిమ్మట కొందరిలో దాని శక్తి సన్నగిల్లును, ఉమ్మనీరు తగ్గును. 2019లో స్వీడన్ దేశపు వైద్యులు ఒక పరిశోధన ఫలితములను ప్రకటించిరి. 41 వారములు నిండిన 2,760 మంది గర్భిణులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి అప్పుడే నొప్పులు రప్పించిరి. రెండవ భాగమువారిని 42 వారములవరకు వేచియుండనిచ్చిరి. వేచియున్నవారి బిడ్డలలో ఆరుగురు మరణించిరి. మొదటివారి బిడ్డలలో ఒక్కరును మరణింపలేదు. అందుచేత పరిశోధనను నడుమనే నిలిపివేసిరి. ఈ అంకెలను రెండు వైపులనుండి చూడవలెను. సుమారు 1,380 మందిలో ఆరుగురు అనగా, వేచియున్నవారిలో నూటికి తొంబదితొమ్మిదిమందికి పైగా బిడ్డలు బ్రతికియే పుట్టి పెరిగిరి. అత్తగారి అనుభవము అబద్ధము కాదు. అయినను తొమ్మిది నెలలు మోసి, ఆఖరి వారమున బిడ్డను పోగొట్టుకొనుటకంటె ఒక దినము ఆసుపత్రిలో గడుపుట తేలిక అని తలచు తల్లిని పిరికిదని ఎవ్వరును అనరాదు.

మిగిలిన కారణములలో కొన్నింటికి తేదీతో నిమిత్తము లేదు. రక్తపుపోటు పెరిగి, మూత్రములో అల్బుమిన్ పోవుచు, తలనొప్పి, కన్నులు మసకబారుట కనబడిన గర్భిణికి 37 వారములు నిండినచో ఇక వేచియుండుట వలన లాభము లేదు. వేచినచో ఈడ్పు రావచ్చును. నెలలు నిండి, ఉమ్మనీరు పోయి, నొప్పులు రాకున్నచో లోపలికి సూక్ష్మజీవులు చేరును గనుక 24 గంటలలోపుగా రప్పింతురు. మధుమేహము అదుపులో లేనిచో, బిడ్డ ఎదుగుదల ఆగినట్లు తోచినచో వైద్యులే తగిన వారమును నిర్ణయింతురు. బిడ్డ లావుగా నున్నదను అనుమానము ఒక్కటియే చాలిన కారణము కాదు.

మరి కొందరికి నొప్పులు రప్పింపనేకూడదు. మాయ దారికి అడ్డముగా ఉన్నవారు, బిడ్డ అడ్డము తిరిగియున్నవారు ఇట్టివారు. వెనుకటి కానుపు ఆపరేషనుచే జరిగిన స్త్రీ ఆ సంగతిని, ఏ ఊరిలో జరిగినదో కూడ, అడుగకమునుపే చెప్పవలెను. ఆమెకు మిసోప్రోస్టాల్ మాత్రలు ఇయ్యరాదు. పాతకుట్టు వద్ద గర్భాశయము చినుగవచ్చును.

ముహూర్తము కొరకు నొప్పులు రప్పింపుమని కోరువారును కలరు. మూలా నక్షత్రము రాకమునుపో, అమావాస్య దాటిన పిమ్మటనో బిడ్డ పుట్టవలెనని వారి కోరిక. నక్షత్రమును నమ్ముట, నమ్మకపోవుట కుటుంబపు ఇష్టము. కాని ఈ పద్ధతి గడియారమునకు లొంగదు. ఉదయమున ఆరంభించిన కానుపు మరునాటి రాత్రికి కూడ ముగియకపోవచ్చును. ముహూర్తమునకై 39 వారములు నిండకమునుపే తొందరపడినచో బిడ్డకు ఊపిరితిత్తులు సరిగా పక్వము కాక ఆయాసపడవచ్చును.

నొప్పులు రప్పించినచో ఆపరేషను తప్పదను భయము చాలమందికి కలదు. 2018లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో ఆరోగ్యవతులైన తొలిచూలు స్త్రీలు ఆరువేలమందికి పైగా పాల్గొనిరి. 39వ వారమున నొప్పులు రప్పించినవారిలో నూటికి 18.6 మందికిని, వేచియున్నవారిలో నూటికి 22.2 మందికిని ఆపరేషను చేయవలసివచ్చినది. అనగా ఆ భయమునకు ఆధారము లేదు. అయితే దీనినిబట్టి అందరును 39వ వారముననే ఆసుపత్రికి పరుగెత్తవలెనని అర్థము కాదు. ఆ స్త్రీల తేదీలన్నియు చక్కగా నిశ్చయింపబడినవి. నొప్పులు నిదానముగా సాగుటకు వారికి కావలసినంత వ్యవధి ఇచ్చిరి. పడకలు చాలని ఆసుపత్రిలో ఆ ఓపిక దొరకుట కష్టము.

ఆసుపత్రిలో ఏమి జరుగును?

మొదట రక్తపుపోటు, బిడ్డ గుండె చప్పుడు, బిడ్డ తల క్రిందుగా ఉన్నదా లేదా అనునది చూతురు. తరువాత లోపలి పరీక్ష చేసి గర్భాశయ ముఖము పక్వమైనదో కాదో తెలిసికొందురు. పక్వము కానిది ముక్కు కొన వలె గట్టిగా ఉండును. పక్వమైనది పెదవి వలె మెత్తబడును. అది ఎంత తెరుచుకొన్నది, ఎంత పలుచబడినది, బిడ్డ తల ఎంత దిగినది అనువానికి మార్కులు వేయు పద్ధతిని 1964లో బిషప్ అను అమెరికా వైద్యుడు ఏర్పరచెను. నేటికిని అదే వాడుకలో నున్నది. మార్కులు హెచ్చుగా నున్నచో కానుపు త్వరగా జరుగును. తక్కువైనచో మొదట ముఖమును మెత్తబరచవలెను. ఈ మెత్తబరచుట సాగు గంటలలోనే ఇంటివారు ‘ఇంకను ఏమియు కాలేదే’ అని కలతపడుదురు. పైకి ఏమియు కనబడకున్నను లోపల పని జరుగుచునే యుండును.

మెత్తబరచుటకు ఒక మార్గము, సన్నని రబ్బరు గొట్టమును లోపలికి పంపి, దాని కొననున్న బుడగను నీటితో నింపుట. బుడగ ఒత్తిడికి ముఖము తెరుచుకొని, మూడు నాలుగు సెంటీమీటర్లు కాగానే గొట్టము తనంత జారిపోవును. దీనిలో మందు లేదు గనుక నొప్పులు హద్దు మీరు భయము తక్కువ. రెండవ మార్గము జెల్ అను మందును లోపల ఉంచుట. ఉంచిన పిమ్మట సుమారు అరగంట పడుకొనియుండవలెను. చాలనిచో ఆరు గంటల తరువాత మరల ఉంచుదురు. మూడవది మిసోప్రోస్టాల్ మాత్ర. నోటిద్వారా 25 మైక్రోగ్రాములు రెండేసి గంటలకు ఒకసారి ఇయ్యవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఇదే మందు 200 మైక్రోగ్రాముల మాత్రగా కూడ అంగళ్లలో దొరకును. దానిని చిదిమి అందాజుగా వేసికొనుట ప్రాణాపాయకరము.

ముఖము పక్వమైన పిమ్మట ఉమ్మనీటి సంచిని చిదుముదురు. వెచ్చని నీరు కారును. ఇది నొప్పి కలిగింపదు. అప్పటికిని నొప్పులు చాలనిచో సెలైనులో ఆక్సిటోసిన్ కలిపి బొట్టుబొట్టుగా ఎక్కింతురు. అరగంటకొకసారి బొట్లను హెచ్చింతురు. ఆక్సిటోసిన్ మన శరీరమునందు సహజముగా పుట్టు పదార్థమే. దానిని మొదట ప్రయోగశాలలో తయారుచేసిన డు విగ్నో అను అమెరికా శాస్త్రజ్ఞునకు 1955లో నోబెల్ బహుమానము లభించినది. భిలాయి కర్మాగారపు ఒప్పందము కుదిరినదియు ఆ సంవత్సరమే!

సెలైనుతో వచ్చు నొప్పులు సహజమైన నొప్పులవలె మెల్లమెల్లగా పెరుగక ఒక్కసారిగా బలముగా రావచ్చును. ఈ సంగతి ముందుగా తెలిసియున్నచో స్త్రీ బెదరదు. నడచుట, ప్రక్కకు తిరిగి పడుకొనుట, నడుము రుద్దించుకొనుట, నిదానముగా ఊపిరి తీయుట ఉపశమనము నిచ్చును. నొప్పి తగ్గించు మందు అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు. పది నిమిషములలో అయిదుసార్లకంటె హెచ్చుగా నొప్పులు వచ్చినచో, లేక ఒకటి పోకమునుపే మరియొకటి వచ్చుచున్నచో నర్సును పిలువవలెను. వెంటనే బొట్లను ఆపివేయుదురు. తొలిచూలు స్త్రీకి మొదటి మాత్రనుండి బిడ్డ పుట్టువరకు ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును. ప్రయత్నము ఫలింపకున్నచో కొంత విశ్రాంతి నిచ్చి మరియొక మార్గము చూతురు. బిడ్డ గుండె బాగున్నంతవరకు ఇది ఆపదగా ఎంచరాదు. కొందరికి చివరకు ఆపరేషనే కావలసివచ్చును.

ఇంటివద్ద వేయు సూది

పైన చెప్పిన ఆక్సిటోసిన్‌నే కండరములో ఒక్కసారిగా సూదిగా పొడిచినచో దానిని మరల వెనుకకు తీయుటకు వీలులేదు. బొట్లను ఆపవచ్చును; సూదిని ఆపలేము. గర్భాశయము బిగిసిపోయి బిడ్డకు ప్రాణవాయువు అందదు. గర్భాశయము చినిగి తల్లి రక్తస్రావమున మరణింపవచ్చును. కావున కానుపునకు ముందు ఇంటివద్ద గాని, ఆపరేషను సౌకర్యము లేని చిన్న క్లినిక్కులో గాని ఎవరైనను ‘త్వరగా కానుపు అగును’ అని సూది వేయబోయినచో చేయి అడ్డముపెట్టవలెను. బిడ్డ పుట్టిన పిమ్మట రక్తస్రావము కాకుండుటకు ఇదే సూదిని ఆసుపత్రులలో వేయుదురు. అది మంచిది, అవసరము. మందు ఒకటే, సమయము వేరు.

ఆముదము త్రాగించుటయు కొన్ని ఇండ్లలో కలదు. దానివలన విరేచనములై, నొప్పులు రాకముందే స్త్రీ నీరసించును. జీలకర్ర కషాయము కొంచెము త్రాగినచో కీడు లేదు గాని, అది నొప్పులు రప్పింపదు.

ఎవరు నిర్ణయింపవలెను?

నిర్ణయము గర్భిణిది. వైద్యురాలు కారణమును, వేచియున్నచో కలుగు ప్రమాదమును చెప్పును. భర్తయు పెద్దలును తోడుందురు. భర్త రాత్రి షిఫ్టులో నుండి, అత్తగారు పల్లెలో నుండి ఫోనులో మాటలాడుచున్నపుడు, పడకమీదనున్న పిల్లను అడుగుట అందరును మరతురు. ఆమె అడుగవలసిన ప్రశ్నలు కొన్నియే: నాకు ఎందుకు? ఎన్ని వారములు నిండినవి, ఏ కాగితమునుబట్టి? రెండు మూడు దినములు ఆగినచో ఏమగును? ఏ మార్గము? రాత్రివేళ ఆపరేషను చేయు వైద్యులును, రక్తమును ఇచ్చట దొరకునా? ఈ చివరి ప్రశ్నకు అవునను జవాబు రానిచో ఆ చోట నొప్పులు రప్పించుకొనరాదు. ఆమె ఆగుటకే ఇష్టపడినచో ఆమెను కసరరాదు. అట్టివారు తరచుగా వచ్చి బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు పరీక్ష చేయించుకొనవలెను. బిడ్డ కదలిక తగ్గినట్లు తోచినచో తెల్లవారువరకు ఆగక, ఆ గంటలోనే బయలుదేరవలెను.

కర్మాగారపు ఉద్యోగుల కుటుంబములకు సెక్టార్ 9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు. తక్కినవారికి సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వ ఆసుపత్రియు, దుర్గ్ జిల్లా ఆసుపత్రియు కలవు. 2011లో ఆరంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రులలో కానుపు, ఆపరేషను, మందులు, రక్తము, భోజనము ఉచితము. ఛత్తీస్‌గఢ్‌లో 102 నంబరుకు ఫోను చేసినచో మహతారీ ఎక్స్‌ప్రెస్ బండి వచ్చును. పేటలోని మితానిన్‌తో ముందే పరిచయము చేసికొనుట మంచిది.

పల్లెనుండి కొత్తగా వచ్చిన పిల్లకు హిందీ రాకపోవచ్చును. నర్సులు ‘జచ్‌కీ’ అనినచో కానుపని అర్థము. ‘దర్ద్’ అనగా నొప్పి. నీరు పోయినచో ‘పానీ గిర్ గయా’ అనియు, రక్తము కనబడినచో ‘ఖూన్ ఆ రహా హై’ అనియు, బిడ్డ కదలకున్నచో ‘బచ్చా హిల్ నహీఁ రహా’ అనియు చెప్పవలెను. పై మూడు మాటలను చీటీమీద తెలుగు లిపిలో వ్రాసి కార్డులో ఉంచవచ్చును. కానుపు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనిత్తురేమో ముందే అడిగి, హిందీ తెలిసిన పొరుగింటి అక్కనో వదిననో తీసికొనిపోవలెను.

బిడ్డ పుట్టిన పిమ్మట ఒక గంటలోపుగా చనుబాలు పట్టించవలెను. నొప్పులు చాలసేపు సాగిన కానుపులలో గర్భాశయము అలసి, రక్తస్రావము కొంచెము హెచ్చుగా ఉండవచ్చును. గుడ్డ త్వరత్వరగా తడిసిపోవుచున్నచో, కన్నులు తిరుగుచున్నచో నర్సుకు చెప్పవలెను. ఇంటికి పోవు దినమున, నొప్పులు ఏ మందుచేత రప్పించిరి, ఎన్ని గంటలు పట్టినది, ఆపరేషను జరిగినచో ఎందుకు జరిగినది అనునది కార్డుమీద వ్రాయించుకొనవలెను. మరుసటి కానుపు శ్రీకాకుళములో జరిగినను, భిలాయిలోనే జరిగినను అచ్చటి వైద్యురాలు మొదట అడుగునది ఆ కాగితమునే.